పదకొండో పాఠం ఆగిన చోట

నేను రిటైరైన మర్నాటి నుంచీ మా ఆయనకు నన్ను ఏదో ఒక పనిలో పెట్టాలని ఆత్రం. తోటపని అన్నారు, భజన బృందం అన్నారు, ఆదివారాలు పిల్లలకు తెలుగు చెప్పమన్నారు. ముప్ఫై ఏళ్ళు నీటి పరీక్షల ల్యాబులో సీసాలు ముందేసుకుని నిలబడ్డ దాన్ని. నన్నింకెవరూ ఏ పనిలోనూ పెట్టనక్కర్లేదని చెప్పి, వెళ్ళి యూనిలో, అదే యూనివర్సిటీలో, చేరిపోయాను.

చరిత్ర చదవాలని నాకు పదిహేడో ఏట కోరిక. "చరిత్ర చదివి ఏం తింటావ్?" అని నాన్న కెమిస్ట్రీలో పడేశారు. ఆ కెమిస్ట్రీయే విశాఖపట్నం నుంచి ఎడిలైడ్ దాకా తెచ్చి తిండి పెట్టింది కాబట్టి ఆయన్ని తప్పు పట్టలేను. కోపం మాత్రం పోలేదు. నలభై నాలుగేళ్ళ కోపం ఒక అప్లికేషన్ ఫారంలో నింపాను.

అమెరికాను నేను ఎంచుకోలేదు. నేను అడిగింది ఆసియా చరిత్ర, ఆ సెమిస్టరులో అది లేదు. మంగళవారం మధ్యాహ్నం ఖాళీ ఉన్నది ఒక్కటే: ఆధునిక అమెరికా చరిత్ర, పరిచయం.

"ఆస్ట్రేలియాలో కూర్చుని అమెరికా హిస్టరీ ఏంటే? అరవై ఒకటో ఏట అక్షరాభ్యాసం, అదీ పక్కింటి పలక మీద" అన్నారు మా ఆయన.

"మీరు మాత్రం క్రికెట్ ఎవరిది చూస్తున్నారు?" అన్నాను.

మాసన్ లేక్స్ స్టేషన్‌లో రైలెక్కితే ఇరవై నిమిషాల్లో సిటీ క్యాంపస్. మొదటి క్లాసుకు నాతో కలిపి తొమ్మిది మంది వచ్చారు. ఎనిమిది మంది నా మనవలయ్యే వయసువాళ్ళు. ట్యూటర్ మాత్రం నా ఈడు మనిషి. పొట్టి జుట్టు, నీలం కార్డిగన్, మాట్లాడేటప్పుడు చేతిలో పెన్ను మూత తీసి పెడుతూ ఉంటుంది. పాఠాలన్నీ రికార్డింగులేననీ, ఇంట్లో విని వస్తే క్లాసులో చర్చించుకుందామనీ చెప్పింది.

"పదకొండు పాఠాలున్నాయి. పదకొండోది మధ్యలో ఆగిపోతుంది, మీ కంప్యూటర్ తప్పు కాదు. మిగతాది పుస్తకంలో చదువుకోండి" అంది.

పాఠాలు చెప్పే లెక్చరర్‌గారిని ఎప్పుడు కలవొచ్చని అడిగాను. మా చదువులో అదొక మర్యాద. మొదటి వారమే మాస్టారికి మొహం చూపించాలి.

"ఆయన పోయి రెండేళ్ళయింది. ఆయనంత బాగా నేను చెప్పలేను, అందుకే ఆ పాఠాలే ఉంచాను" అంది ఆవిడ.

పిల్లలెవరూ తల ఎత్తలేదు. నా పక్కనున్న అమ్మాయి చిప్స్ ప్యాకెట్టు చప్పుడు కాకుండా విప్పుకుంటోంది. నాకొక్కదానికే అది మింగుడుపడలేదు. మనం పోయినవాళ్ళను ఏడాదికోసారి పిలిచి, పిండం పెట్టి, మర్యాదగా పంపించేస్తాం. ఇక్కడ ఈయన వారం వారం వచ్చి పాఠం చెప్పి పోతారట, అదీ హాజరు పట్టీతో సహా.

ఆ రికార్డింగులు క్లాసులో మామూలుగా జరిగిన పాఠాలే. ఆయన కాలరుకు తగిలించిన మైకు ఆయన గొంతు ఒక్కటే పట్టుకుంది. బొంగురు గొంతు, తొందరలేని మాట. ప్రతి కొత్త విషయానికీ ముందు "వెల్ నౌ" అనేవారు. చిన్న దగ్గు, ఒక గుక్క మంచినీళ్ళు, కుర్చీ కిర్రుమనడం, అన్నీ వినిపిస్తాయి. ఎదురుగా కూర్చున్న పిల్లల గొంతులు మాత్రం ఒక్కటీ వినపడవు. ఎవరో ప్రశ్న అడుగుతారు, అక్కడ మనకు వినిపించేది ఖాళీ. పది సెకన్లు, ఇరవై సెకన్లు ఆయన ఊపిరి మాత్రం ఉంటుంది. తర్వాత "మంచి ప్రశ్న" అంటారు.

మా ఇంటి దగ్గరి చెరువు చుట్టూ నడుస్తూ వినేదాన్ని. చెరువంటే దేవుడు తవ్వింది కాదు, కాగితం మీద గీసి తవ్వించింది. మధ్యాహ్నం మూడింటికి అక్కడ మనిషన్నవాడు కనపడడు. ఇళ్ళన్నీ కొత్తవి, కిటికీలన్నీ మూసినవి, నీళ్ళు కదలవు. ఆ ఎండలో, ఆ నిశ్శబ్దంలో, చెవిలో ఆ గొంతు ఉంటే నాకు తోడున్నట్టే ఉండేది. మూడో వారం అనుకుంటా, కరువు రోజుల్లో దుమ్ము తుఫానులకు పొలాలు వదిలేసి వెళ్ళిన రైతుల గురించి చెబుతూ ఉన్నట్టుండి ఆగి, "అక్కడ వెనకాల ఉన్నవారు, మీరు ఇవాళ ఏమీ మాట్లాడడం లేదు" అన్నారు.

టక్కున ఆగిపోయాను. వెనక్కి తిరిగి చూశాను కూడా. నా మీద నాకే నవ్వొచ్చింది. కానీ ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆయన ఎదురుచూశారు. అది నిజం, ఆ ఖాళీ అంత పొడుగుంది. అప్పుడు నేను, చెరువు గట్టున ఒక్కదాన్నే, పైకి అడిగాను: "మరి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారా?"

"మంచి ప్రశ్న" అన్నారు ఆయన.

ఇంటికొచ్చి ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, నవ్వకపోతే ఏం చెయ్యాలో తెలియక.

ఇక పరీక్ష సంగతి. నాకు తెలిసిన చదువు ఒక్కటే, బట్టీ. మా కాలేజీ రోజుల్లో డాబా మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ పుస్తకం మొత్తం నోటికి దించేవాళ్ళం. కామా ఎక్కడుందో కూడా చెప్పగలిగినవాడే తెలివైనవాడు. సొంత మాట ఒక్కటి కలిపినా, "పుస్తకం రాసినవాడికంటే నువ్వు గొప్పదానివా?" అని మేడమ్ మార్కు కోసేది. చుట్టూ ఉన్న పిల్లలు "నా అభిప్రాయంలో" అని మొదలుపెడుతుంటే నాకు భయమేసేది. అభిప్రాయం నాకెక్కడిది? నా దగ్గర ఉన్నది జ్ఞాపకశక్తి. అదే నమ్ముకున్నాను.

ఒక్కో పాఠం ఇరవైసార్లు, ముప్ఫైసార్లు విన్నాను. వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తూ మాస్టారితో పాటు పలికేదాన్ని. ఎనిమిదో వారానికి యాభై నిమిషాల పాఠం ఎక్కడా తడబడకుండా అప్పజెప్పగలిగాను. ఆయన దగ్గిన చోట దగ్గు రావడం, నీళ్ళు తాగిన చోట గొంతు ఎండడం మొదలయ్యాయి. నేను కావాలని చేసింది కాదది. పద్యం రాగంతో సహా వచ్చినట్టు, అవి పాఠంతో పాటే వచ్చాయి.

ఒక మధ్యాహ్నం సోఫాలో కునుకు తీసి లేచేసరికి మా ఆయన ఎదురుగా నిలబడి ఉన్నారు. చేతిలో టీ చల్లారిపోయింది.

"నిద్రలో మాట్లాడావ్" అన్నారు.

"ఏమన్నాను?"

"ఇంగ్లిష్‌లో. కారు గురించి ఏదో. స్లోగా, గ్యాప్ ఇచ్చి ఇచ్చి. వాయిస్ నీది కాదు."

"నాది కాకపోతే పక్కింటావిడదా? జలుబు చేసిందండీ."

ఆయన వాదించలేదు. వాదించని మా ఆయన్ని నలభై ఏళ్ళ కాపురంలో అదే చూడటం. ఆ తర్వాత నేను పాఠం మొదలెడితే ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవారు. క్లైడ్ నార్త్ అనే వేరే ఊళ్ళో ఉన్న మా అమ్మాయితో ఫోన్లో ఏం చెప్పారో, తను నాకు ఫోన్ చేసి, "అమ్మా, దట్స్ క్రీపీ. జస్ట్ టేక్ నోట్స్ లైక్ ఎ నార్మల్ పర్సన్" అంది. అనుమానం పెనుభూతం అన్నారని ఇద్దరినీ కసిరాను. నాకు మాత్రం అనుమానం లేదా? ఉంది. అందుకే కసిరాను.

పదకొండో పాఠం వియత్నాం యుద్ధం. మొదటి అరగంట అందరికీ తెలిసిన చరిత్రే. ఎందుకు మొదలైంది, ఎవరు పంపారు, ఎవరు వెళ్ళారు. ఆ తర్వాత ఆయన గొంతు కొంచెం దిగింది. "వెల్ నౌ" అనలేదు. ఒహాయోలో ఒక చిన్న మిల్లు ఊళ్ళో తను పుట్టానని చెప్పారు. తనకు పదేళ్ళప్పుడు వాళ్ళన్న యుద్ధంలో ఉన్నాడట. చావు కబురు చెప్పడానికి యూనిఫాం వేసుకున్నవాళ్ళు కార్లో వచ్చేవాళ్ళట. వీధిలోకి అలాంటి కారు వస్తే ఆడవాళ్ళు కిటికీల దగ్గర నిలబడి, అది ఎవరింటి ముందు ఆగుతుందా అని చూసేవాళ్ళట.

"ఆ సాయంత్రం కారు మా ఇంటి ముందు ఆగింది. మా అమ్మ వంటగదిలో ఉంది. నేను బల్ల దగ్గర హోంవర్క్ చేసుకుంటున్నాను. తలుపు కొట్టారు. మా అమ్మ..."

కుర్చీ కిర్రుమంది. క్లిక్కుమని చిన్న చప్పుడు. అంతే, పాఠం అయిపోయింది.

నేను ఆ ముక్క ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. మెట్టు ఉందనుకుని చీకట్లో కాలు వేస్తే కింద ఏమీ లేనట్టు, అప్పజెప్పుతూ అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ తూలేదాన్ని. బట్టీ పట్టిన బుర్ర మధ్యలో ఆగలేదు, దానికి చివరి వాక్యం కావాలి. అన్నం కలుపుతుంటే "మా అమ్మ" అని ఆ గొంతు వినిపించేది. రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే వినిపించేది. హెడ్‌ఫోన్స్ బ్యాగులోనే ఉండేవి.

ఆ వారం క్లాసులో అడిగాను, తర్వాత ఏం జరిగిందని. ట్యూటర్ పెన్ను మూత పెట్టి, "రికార్డింగ్ అక్కడి వరకే ఉంది" అంది. తర్వాత పుస్తకంలో పేజీ నంబరు చెప్పింది.

పరీక్ష జూన్‌లో, వాన పడుతున్న రోజు. కంప్యూటర్ల చేత రాయించి తెస్తున్నారన్న భయంతో మళ్ళీ హాల్లో కూర్చోబెట్టి చేత్తో రాయించడం మొదలుపెట్టారట. పిల్లలు చేతులు నొప్పులని మూలిగారు. నాకు ప్రాణం లేచొచ్చింది. నాలుగు వైపులా మార్జిన్ గీశాను. ఎడిషనల్ షీట్లు ఎక్కడ, కట్టుకోవడానికి దారం ఎక్కడ అని అడిగితే, పర్యవేక్షకుడు నన్ను విచిత్రంగా చూసి ఒక బుక్‌లెట్ చేతిలో పెట్టాడు.

ప్రశ్న: దూరదేశపు యుద్ధం ఇంటి దగ్గర ఉన్నవాళ్ళను ఎలా మార్చింది? పెన్ను తనంతట తనే కదిలింది. నాలుగు పేజీలు ఆయన మాట మాట, వరస వరస. "నేను ఒహాయోలో ఒక మిల్లు ఊళ్ళో పుట్టాను" అని కూడా రాశాను. విశాఖపట్నంలో పుట్టిన ముసలమ్మను, కొంచెమైనా సిగ్గుపడాలి కదా. పడలేదు. పాఠంలో 'నేను' ఉంటే జవాబులోనూ 'నేను' ఉంటుంది, మాకు నేర్పింది అదే. కారు ఆగింది. తలుపు కొట్టారు. మా అమ్మ...

పెన్ను ఆగలేదు.

"మా అమ్మ లేవలేదు. రెండోసారి కొట్టారు. లేవలేదు. నేను నోరు తెరవబోతే ఆవిడ చెయ్యి నా నోటి మీద పడింది. ఆ చేతికి ఉల్లిపాయ వాసన. ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. మూడోసారి కోసం ఎదురుచూశాం." అక్కడికి గంట కొట్టారు, కాగితాలు తీసేసుకున్నారు.

రైలెక్కి కూర్చున్నాక గాని నేను రాసింది నాకు అర్థం కాలేదు. ఆ చివరి అరపేజీ ఆయన చెప్పింది కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదని అబద్ధం చెప్పను. తెలుసు. అటువైపు చూడదలుచుకోలేదు, అంతే.

రెండు వారాలకు యూని నుంచి ఈమెయిల్. నా జవాబు మీద కాపీ అనుమానం ఉందనీ, తేలేదాకా మార్కులు ఆపామనీ, వచ్చి ట్యూటర్‌ని కలవమనీ. స్కూల్లో పక్కదాని పలక కూడా చూడలేదు నేను. కాపీ అని తేలితే ఫెయిల్ చేస్తారు, అది రికార్డులో ఉండిపోతుంది. పదిహేడో ఏట అడిగిన చదువు అరవై ఒకటో ఏట దొరికితే, దొంగనని ముద్ర వేయించుకుని బయటికి రావాలి. మా ఆయన నాలుగైదుసార్లు చదివి, "నేనూ వస్తా. కింద కెఫేలో కూర్చుంటా" అన్నారు. వెటకారం లేదు ఆ మాటలో. అది నన్ను ఇంకా భయపెట్టింది.

ట్యూటర్ గది మూడో అంతస్తులో, పొడుగాటి వరండా చివర. సెలవులు కావడంతో వరండాలో ఎవరూ లేరు. నేను లోపలికి వెళ్ళగానే ఆవిడ తలుపు మూసింది. బల్ల మీద నా బుక్‌లెట్ ఉంది. నాలుగు పేజీలూ పసుపు రంగు గీతలు. చివరి అరపేజీ మాత్రం తెల్లగా వదిలేసి ఉంది.

నేను అప్పటికే క్షమాపణ మొదలుపెట్టాను. మా దేశంలో చదువు ఇలా ఉంటుందనీ, పాఠం ఉన్నది ఉన్నట్టు రాస్తేనే గౌరవమనీ, మోసం ఉద్దేశం లేదనీ. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది.

"పసుపు గీతల సంగతి తర్వాత. ఇది ఎక్కడ విన్నారు?" అని తెల్లగా ఉన్న చోట వేలు పెట్టింది.

నేను కళ్ళజోడు సవరించుకుని ఆ చోటు చూశాను.

"పూర్తి రికార్డింగ్ మీ దగ్గరుందా? పాత విద్యార్థులెవరైనా ఇచ్చారా? మిమ్మల్ని ఏమీ అనను. నాకు వినాలని ఉంది, అంతే." వేలు అక్కడే ఉంచింది. "ఆయన నా భర్త."

అప్పుడు తెలిసింది నాకు. సెమిస్టరంతా ఆ గొంతును నేను చెవిలో పెట్టుకుని తిరిగాను, ఈవిడ మా ఎదుట నిలబడి పేజీ నంబర్లు చెప్పింది. నా జవాబు పట్టుకోవడానికి ఆవిడకు ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేకపోయింది. మొదటి వాక్యం చదవగానే ఆయన పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉందట.

"ఆ రోజు మెషీన్ పాడవలేదు. ఆయనే ఆపేసి, క్లాసులోంచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత మళ్ళీ పాఠం చెప్పలేదు. మిగతాది ఇంట్లో ఇంకెక్కడైనా రికార్డు చేసి పెట్టుకున్నారేమోనని రెండేళ్ళుగా వెతుకుతున్నాను" అంది.

ఒక్క క్షణం నాకు అబద్ధం చెప్పాలనిపించింది. అవును, ఎవరో ఇచ్చారు, విన్నాను, పారేశాను అంటే సరిపోతుంది. నేను ఫెయిలవుతాను, ఆవిడకు భర్త చెప్పిన ఇంకో నాలుగు మాటలు మిగులుతాయి. ఆవిడ మొహం చూస్తే అది చౌక బేరంలాగే అనిపించింది. కానీ ఆయన చెప్పని మాట ఆయన నోట్లో పెట్టి పంపడానికి నాకు మనసొప్పలేదు.

"రికార్డింగ్ లేదండీ. అది నేనే రాశాను" అన్నాను.

ఆవిడ వాన జల్లు పడుతున్న కిటికీ మూసి వచ్చి కూర్చుంది.

"రెండోసారి కొట్టినప్పుడు ఎవరూ లేవలేదని రాశారు. కానీ ఆయన లేచాడు. పదేళ్ళవాడు. వాళ్ళమ్మ వద్దని తల ఊపుతూనే ఉంది, వీడు వెళ్ళి తలుపు తీశాడు. నాతో పెళ్ళయ్యాక ఒకే ఒక్కసారి చెప్పాడది. 'నేను తియ్యకపోతే ఇంకాసేపు మా అన్న బతికుండేవాడు కదా' అన్నాడు. ఎన్నేళ్ళొచ్చినా ఇంటికి ఎవరైనా వస్తే తలుపు తీయడానికి ఆయన లేచేవాడు కాదు." నా కాగితం తన వైపు తిప్పుకుంది. "మీరు ఆయన గొంతుతో, ఆయన తియ్యలేదని రాశారు. అది చదివి నేనెంత భయపడ్డానో మీకు తెలియదు. చనిపోయాక వచ్చి దిద్దుకున్నాడేమో అనుకున్నాను."

అప్పుడు చెప్పాను, ఇంతవరకు మా ఆయనకు కూడా చెప్పనిది.

నేను రెండో తరగతిలో ఉండగా, డెబ్బై ఒకటిలో, మాకూ యుద్ధం వచ్చింది. విశాఖపట్నం మీద బాంబులు వేస్తారని కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు అంటించాం. దీపాలు పెట్టే వేళకు ఊరంతా చీకటి. నాన్న వీధి కాపలాకు వెళ్ళారు. అమ్మా నేనూ వంటింట్లో నేల మీద కూర్చున్నాం. బయట నుంచి ఎవరో "అక్కయ్యగారూ" అని పిలిచారు. మా వైపు ఒక నమ్మకం ఉంది. చీకటి పడ్డాక ఎవరైనా పిలిస్తే మూడోసారి పిలిచేదాకా పలకకూడదు. మనుషులైతే మూడోసారి కూడా పిలుస్తారు. మనుషులు కానివి రెండుసార్లే పిలుస్తాయి, పలికామా వెంట తీసుకుపోతాయి. రెండోసారి "అక్కయ్యగారూ" అని వినపడింది. ఆ గొంతు నాకు తెలుసు. పక్క వాటాలో పిన్నిగారిది. నెలలు నిండిన మనిషి, భర్త హార్బరులో డ్యూటీకి వెళ్ళాడు. "అమ్మా, పిన్నిగారు" అనబోయాను. అమ్మ చెయ్యి నా నోటి మీద పడింది.

"మూడోసారి?" అంది ట్యూటర్.

"పిలవలేదు. పిలిచే ఓపిక ఆవిడకు లేకపోయింది. తెల్లారి చూస్తే మా గుమ్మం మెట్ల దగ్గర పడి ఉంది. ఆవిడ బతికింది. బిడ్డ బతకలేదు."

పిన్నిగారు ఆ తర్వాత మూడు నెలలు మా పక్కనే ఉంది. ఎందుకు పలకలేదని ఒక్కసారీ అడగలేదు. అమ్మ కూడా ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. బతికున్నంత కాలం ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే లేచి పరిగెత్తేది. పక్కింటివాళ్ళను పిలిచినా లేచేది. నాకు అలా పరిగెత్తి తీర్చుకునే దారి కూడా మిగల్లేదు. గొంతు గుర్తుపట్టింది నేను. చెయ్యి కొరికి అయినా అరిచి ఉండొచ్చు. అరవలేదు.

"ఆయన రెండోసారికి తీశాడు" అంది ఆవిడ.

"మేం రెండోసారికి తియ్యలేదు" అన్నాను.

వాన ఆగినట్టుంది, పైపుల్లో నీళ్ళు మాత్రం దిగుతున్నాయి. కాసేపటికి ఆవిడ ట్యూటర్‌లా నిటారుగా కూర్చుని, పసుపు పేజీలు విడదీసి పక్కన పెట్టింది. అవి ఆయనవి, వాటికి మార్కులు వెయ్యనంది. దొంగతనం అని రాయనంది, అవి ఎవరి మాటలో చెప్పకుండా వాడుకున్నారని మాత్రం రాస్తానంది. ఇంకో ప్రశ్న ఇస్తాను, వచ్చే నెల మళ్ళీ పరీక్ష రాయండి, ఈసారి మీ మాటల్లో అంది. ఆ తెల్ల అరపేజీని మాత్రం తన డైరీలో పెట్టుకుంది. అడగలేదు, నేనూ వద్దనలేదు.

లేచి బ్యాగు భుజానికి తగిలించుకుంటుంటే అడిగింది.

"మీ భాషలో, అలా ఎవరైనా బయట నుంచి పిలిస్తే, ఏమని పలుకుతారు?"

ఇంగ్లిష్‌లో అర్థం చెప్పి ఊరుకోవచ్చు. కానీ నోరు తెరిచేసరికి అర్థం రాలేదు, మాటే వచ్చింది. యాభై ఏళ్ళకు పైగా అక్కడే ఉన్నట్టుంది.

"ఆఁ, వస్తున్నాం పిన్నిగారూ" అన్నాను. నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

ఆవిడకు తెలుగు ఒక్క ముక్క రాదు. నా వంక చూడలేదు, తలుపు వంక చూసింది. లేచి వెళ్ళి తలుపు తీసింది. వరండాలో ఎవరూ లేరు. మళ్ళీ మూయకుండా, తెరిచి పట్టుకుని అక్కడే నిలబడింది.